మా పాప లెక్క మీద తేలిన పడవ



ఈ నెల మన పేజీకి ఏదైనా రాయమని పాప క్లాస్ టీచర్ గారు అడిగారు. చదువుల గురించి చెప్పేంత చదువు నాకు లేదు. నేను సింగరేణిలో ఫిట్టర్‌ని. చేతిపని గురించైతే నాలుగు మాటలు చెప్పగలను. పోయిన వేసవి సెలవుల నుంచి మొన్న సంక్రాంతి దాకా మా ఇంటి వాకిట్లో ఒక పాత సిల్వర్ పడవను బాగు చేశాం. చేసింది ముగ్గురం. నేను, తొమ్మిదో తరగతి చదివే మా పాప, చేపలు పట్టే మా మేనమామ.

సిల్వర్ అంటే వెండి అనుకోకండి. అల్యూమినియం గిన్నెను మన దగ్గర సిల్వర్ గిన్నె అంటాం కదా, ఇదీ అంతే. పన్నెండు అడుగుల పొడవు, మూడు అడ్డబల్లలు, వెనక ఇంజన్ బిగించే చెక్క. ఏ చెరువులో తిరిగిందో, ఎన్ని చేతులు మారిందో తెలియదు. పాత సామాను దుకాణంలో తుక్కు కింద కోసేయబోతుంటే మామ కంట పడింది. కాటా మీద 104 కిలోలు తూగింది. కిలో లెక్కనే కొన్నాడు.

2022 జూలైలో గోదావరి, రాళ్ళవాగు పొంగి మన మంచిర్యాల కాలనీల్లోకి నీళ్ళొచ్చినప్పటి నుంచి గట్టి పడవ ఒకటి ఉండాలని మామకు కోరిక. మా అవ్వకు ఇంకో కోరిక ఉంది. ఎల్లంపల్లి బ్యాక్‌వాటర్ కిందికి పోయిన ఊళ్ళలో మాది ఒకటి. మా బాపును సాగనంపిన చోటు కూడా ఇప్పుడు ఆ నీళ్ళ కిందే ఉంది. పడవ వాకిట్లో దించిన రోజే అవ్వ దాని చుట్టూ తిరిగి చూసి, "పెత్రమాస నాడు మీ బాపు ఉన్న కాడికి తీసుకపోరా బిడ్డా. నాలుగు పూలు ఏసి వస్త" అంది.

అప్పటిదాకా అది వేసవి సెలవుల కాలక్షేపం. ఆ మాటతో పని బరువు మారిపోయింది.

నీళ్ళు లోపల పోస్తే తెలుస్తుంది

పడవ ఎక్కడ కారుతుందో చూడాలంటే నీళ్ళలో వేయాలని అందరూ అనుకుంటారు. సులువైన దారి ఇంకోటి ఉంది. పడవను ఎత్తు మీద పెట్టి లోపల నీళ్ళు పోసి, బయట ఎక్కడ చుక్క పడుతుందో చూడడం. కాకపోతే అడుగున నాలుగు అంగుళాల నీళ్ళంటేనే మూడు, నాలుగు వందల కిలోల బరువు. అందుకని పొడవునా పాత టైర్లు పేర్చి, వాటి మీద కూర్చోబెట్టి పోశాం. పాప మార్కర్ పట్టుకుని కింద దూరింది. చుక్క పడ్డ ప్రతి రివిట్ చుట్టూ సున్నా చుట్టింది. మొత్తం 41 సున్నాలు.

ఇలాంటి పడవల్లో రేకులను ఎక్కువగా రివిట్లతోనే కలుపుతారు. విమానాల్లోనూ పద్ధతి అదే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో గ్రమ్మన్ అనే విమానాల కంపెనీ అదే రేకు, అదే రివిట్ల పనితో 1945లో చిన్న పడవలు చేయడం మొదలుపెట్టింది. ఈ సంగతి విన్నాక పాప ఆ పడవను చూసే చూపే మారింది.

వదులైన రివిట్‌కు లోపల బరువైన ఇనుప దిమ్మె ఆనించి, బయట సుత్తితో కొడితే మళ్ళీ బిగుసుకుంటుంది. దిమ్మె పట్టింది పాప, కొట్టింది నేను. 29 అలా బిగిశాయి. మిగిలిన 12 అరిగిపోయాయి. వాటిని తీసేసి, మెరైన్ సీలెంట్ రాసి అల్యూమినియం రివిట్లే కొత్తవి వేశాం.

అడుగున ఒకచోట చీలిక కనిపించింది. అది ముందుకు పాకకుండా రెండు చివర్లలో చిన్న రంధ్రం వేసి, ఆర్గాన్ వెల్డింగ్ తెలిసిన మనిషితో అతికించాం. ఇనుము ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం రంగు మారకుండానే 660 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి కరిగి జారిపోతుంది. అందుకే ఆ పని అందరికీ చేతకాదు. వెల్డింగ్ జరిగినంతసేపూ పాపను ఇంట్లోనే ఉంచాం.

సిల్వర్‌కు పడనివి

పులుసు సిల్వర్ గిన్నెలో ఉంచొద్దని మన పెద్దవాళ్ళు చెప్తారు. పడవకూ అలాంటి పత్యాలు ఉన్నాయి. ఎవరో ఇదివరకు దానికి ఇనుప బోల్టులు, రాగి వాషర్లు వేసి ఉన్నారు. వాటి చుట్టూ రేకు తెల్లటి పొడిగా రాలిపోయింది. రెండు వేరు వేరు లోహాలు తడిలో తగిలి ఉంటే చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. ఆ బ్యాటరీలో కరిగిపోయేది అల్యూమినియమే. అవన్నీ పీకేసి స్టెయిన్‌లెస్ బోల్టులు వేసి, రేకుకు తగలకుండా మధ్యలో నైలాన్ వాషర్లు పెట్టాం.

పాత రంగు ఊడదీయడానికి కాస్టిక్ సోడా వాడమని పక్కింటాయన సలహా ఇచ్చారు. "అంకుల్, అది రంగుతో పాటు అల్యూమినియంను కూడా తినేస్తుంది, హైడ్రోజన్ వస్తుంది" అని పాప చెప్పింది. ఆయన నా వైపు చూశారు. పాప చెప్పింది నిజమేనన్నాను. చివరికి మాస్కులు, గ్లౌజులు వేసుకుని ఎమరీ కాగితంతోనే గీకాం. ఇనుప తీగ బ్రష్ మాత్రం తాకనీయలేదు. దాని తునకలు రేకులో ఇరుక్కుని తుప్పు పడతాయి. గీకిన రోజే ప్రైమర్ కొట్టాలి. ఆలస్యమైతే రేకు మీద మళ్ళీ పొర కట్టి రంగు సరిగ్గా పట్టదు.

వెనక చెక్క చేత్తో నలిపితే పొడి అయ్యింది. దాని చోట ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వేశాం.

అసలు లెక్క

బల్లల కింద పాత ఫోమ్ ఉంది. పడవ నీళ్ళతో నిండినా మునిగిపోకుండా ఆపేది అదే. బయటకు తీస్తే పిండిన గుడ్డలా నీళ్ళు కారాయి. ఫోమ్, చెక్క, బోల్టులు తీసేశాక ఒట్టి పడవ 72 కిలోలే తూగింది. అంటే 32 కిలోలు చెత్త బరువే, అందులో ఎక్కువ భాగం నీళ్ళు.

కొత్త ఫోమ్ ఎంత కావాలి? మామను అడిగితే "పట్టినంత పెట్టు అల్లుడా" అన్నాడు. పాపను అడిగాను. ఆర్కిమెడీస్ సూత్రం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పిల్ల. నోటుబుక్ తెచ్చుకుని అరగంట కూర్చుంది.

పడవ 72 కిలోలు. అల్యూమినియం నీటికంటే 2.7 రెట్లు బరువు కాబట్టి మునిగిన రేకు 27 లీటర్ల నీటిని పక్కకు నెడుతుంది. అంటే నీళ్ళలో దాని బరువు 45 కిలోలు. ఇంజన్ 26 కిలోలు, దానికి తగ్గింపు లేకుండా పూర్తిగా వేసుకుంది. పడవ అంచు పట్టుకుని వేలాడే నలుగురికి మనిషికి 15 చొప్పున 60. మొత్తం 131 కిలోలు. ఒక లీటరు ఫోమ్ సుమారు ఒక కిలోను మోస్తుంది. మూడు బల్లల కిందా కొలిస్తే 110 లీటర్ల చోటే ఉంది.

"డాడీ, సరిపోదు" అంది. అంతటితో ఆగలేదు. టేపు తీసుకుని మళ్ళీ కొలిచింది, మళ్ళీ కూడింది. నేను చెప్పకుండానే. స్లిప్ టెస్ట్ పేపర్‌ను రెండోసారి చూసుకోమని ఇంట్లో రోజూ చెప్పే మాటే అది. ఆ రోజు ఎందుకు చూసుకున్నావని అడిగితే, "అందులో నానమ్మ కూర్చుంటది కదా" అంది.

ముందు భాగంలో ఇంకో అర కట్టి మొత్తం 160 లీటర్లు చేశాం. ఎక్స్‌పీఎస్ బోర్డులు కోసి పాలిథిన్ చుట్టి పెట్టాం. పెట్రోల్ తగిలితే అవి కరిగిపోతాయి కాబట్టి ఆ జాగ్రత్త తప్పదు.

నీళ్ళు చెప్పిన సంగతి

మా ఇంటావిడకు మొదటి నుంచీ ఈ పడవ అంటే భయం. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగిన వార్త మనలో ఎవరం మరిచిపోలేదు. పోయినవాళ్ళలో మన జిల్లా వాళ్ళూ ఉన్నారు. "లైఫ్ జాకెట్ లేకుండా ఒక్కరు కాలు పెట్టినా నేను ఒప్పుకోను, ముంచి చూశాకే మనుషులు ఎక్కాలి" అంది. ఆ రెండు షరతులూ అలాగే రాసుకున్నాం.

పెత్రమాసకు పది రోజుల ముందు ఊరి చెరువులో, నడుము లోతు నీళ్ళలో పడవను దించాం. ఇంజన్ చోట 26 కిలోల లారీ కమాన్ పట్టీలు కట్టి, బకెట్లతో పడవ నిండా నీళ్ళు పోశాం. అంచులు నీటి పైనే నిలిచాయి. పాప గట్టు మీద ఎగిరింది. అప్పుడు మామ ఒక పక్క అంచు మీద బలంగా వాలాడు. పడవ పక్కకు ఒరిగి బోర్లా పడింది.

ఎంత ఫోమ్ కావాలో లెక్క చెప్పింది. ఎక్కడ ఉండాలో నీళ్ళు చెప్పాయి. అడుగున ఎక్కువ ఉంటే కింది భాగం పైకి రావాలని చూస్తుంది. పక్కలకు, పై అంచు దగ్గర ఉంటేనే పడవ నిటారుగా నిలుస్తుంది. బల్లల కింద నుంచి 60 లీటర్ల బోర్డులు తీసి రెండు పక్కలా అంచుల వెంట బిగించాం. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ ముంచాం. ఈసారి మామ, నేను ఒకే పక్క వేలాడినా తిరగబడలేదు.

పడవ సిద్ధమైంది. గోదావరి సిద్ధంగా లేదు. సుమారు 20 టీఎంసీలు పట్టే ఎల్లంపల్లికి 62 గేట్లు ఉన్నాయి. పై నుంచి వరద వస్తుంటే గేట్లు ఎత్తి వదులుతున్నారు. పెత్రమాస ముందు రోజు రాత్రి మామ వచ్చి, "అక్కా, గేట్లు లేపిండ్రు. ఇప్పుడు గంగ మన మాట ఇనది" అన్నాడు. అవ్వ ఏమీ అనలేదు. మర్నాడు ఒడ్డు నుంచే పూలు వదిలి వచ్చింది. రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆ రెండు రోజులూ పాప వాకిట్లో పడవ పక్కనే కూర్చునేది. "అన్నీ సరిగ్గా చేసినం కదా డాడీ" అంది. సరిగ్గా చేసిన పనికి కూడా కాలం కలిసి రావాలని చెప్పాను. పాపకు అంతగా నచ్చినట్టు లేదు.

సంక్రాంతి సెలవుల్లో నీళ్ళు అద్దంలా నిలిచిన ఒక పొద్దున వెళ్ళాం. ఇంజన్ పెట్టలేదు. ఇంజన్‌తో మనుషులను తిప్పే పడవకు 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం ప్రకారం సర్వే, రిజిస్ట్రేషన్ కావాలి. అది అయ్యేదాకా తెడ్లే. పక్కన తోడుగా మామ స్నేహితుడి పడవ వచ్చింది. లైఫ్ జాకెట్ తొడుగుతుంటే అవ్వ "గిదేం అంగి రా" అని నవ్వింది.

మామ గుట్టల వరుస చూసి, ఎండిన చింతచెట్టు కొమ్మ చూసి తెడ్డు ఆపాడు. "గిక్కడనే అక్కా" అన్నాడు. అవ్వ బంతిపూలు ఒక్కొక్కటే వదిలింది. పాప అవ్వ జాకెట్ పట్టీని గట్టిగా పట్టుకుని కూర్చుంది. పూలు అయిపోయాక అవ్వ నీళ్ళ వైపే చూస్తూ, "మనుమరాలు చేసిన పడవల వచ్చిన" అని చెప్పింది. మాతో కాదు.

చివరిగా ఒక మాట

మన పిల్లలు రోజుకు ఎన్నో లెక్కలు చేస్తారు. జవాబు కాగితం మీద ఆగిపోతుంది, తప్పైతే ఒక మార్కు పోతుంది. తన జవాబును నమ్మి ఒక మనిషి కూర్చుంటుందని తెలిసినప్పుడు మా పాప ఎవరూ చెప్పకుండానే రెండుసార్లు కొలిచింది. నేను చూసింది అదే.

దీనికి పడవే అక్కర్లేదు. గోడలకు ఎన్ని లీటర్ల రంగు కావాలి, నీళ్ళ ట్యాంకు ఎంత పెద్దది ఉండాలి, ఇంట్లో ఫంక్షన్‌కు ఎన్ని కిలోల బియ్యం పడతాయి అన్నది ఒకసారి పిల్లలను లెక్కగట్టమనండి. పనికి తగ్గ జాగ్రత్తలు మనం చూసుకుందాం. వాళ్ళు చెప్పిన అంకె ప్రకారమే కొనండి. తగ్గితే మళ్ళీ దుకాణానికి పరుగెత్తేది కూడా వాళ్ళనే కానివ్వండి.