లంకమల చీకట్లో ఒక కూత

పొద్దు గూకింది. లంకమల కొండల మీద ఎరుపు ఇంకా పూర్తిగా ఆరలేదు. మేకలమంద ఊరిదారి పట్టింది. మెడగంటల చప్పుడు కూడా దూరమైపోయింది. కింద, పొదల మధ్య ఎర్రమట్టి నేల మీద మెల్లగా చీకటి కమ్ముకుంటోంది. సూర్యుడు మునిగి ముప్పావుగంట దాటిందేమో... టిక్‌టూ... టిక్‌టూ... టిక్‌టూ...

సెకనుకి ఒకటి చొప్పున, రెండు ముక్కల కూత. కొన్ని నిమిషాలు వినిపిస్తుంది, అంతే. విన్నవాళ్లకి విన్నంత. ఆ రాత్రికి మళ్లీ వినిపిస్తుందన్న భరోసా లేదు.

ఆ కాసిన్ని నిమిషాల కోసం ముంబై నుంచి, ఇంగ్లండు నుంచి కూడా శాస్త్రవేత్తలు వెతుక్కుంటూ కడపకి వచ్చారు. నెలల తరబడి ఈ పొదల్లో రాత్రిళ్లు గడిపారు. చాలామంది ఆ కూత వినకుండానే వెనుదిరిగారు. ఎందుకంటే ఆ కూత పెట్టేది కలివికోడి. ఒకప్పుడు ‘ఇక లేదు’ అని ప్రపంచమంతా అనుకున్న పిట్ట. గడచిన నలభై ఏళ్లలో అది బతికే ఉందనడానికి ఆధారాలు దొరికింది ఈ చుట్టుపక్కలే!

కడప నుంచి సిద్ధవటం మీదుగా బద్వేలు వెళ్లే దారిలో ముందు పెన్నానది పలకరిస్తుంది. ఒడ్డునే సిద్ధవటం కోట. మట్లి రాజులు ఏలిన కోట అది. 1808 నుంచి నాలుగేళ్లపాటు జిల్లా కేంద్రం కూడా సిద్ధవటమే. అది దాటితే లంకమల కొండల వరస. శివరాత్రికి నిత్యపూజకోనకీ లంకమల్లేశ్వరుడి దగ్గరికీ నడిచివెళ్లే భక్తులకి ఈ కొండలు బాగా తెలుసు. లోపల ఎర్రచందనం పెరుగుతుంది. ఆ చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దాని కోసం అర్ధరాత్రి గొడ్డళ్లతో వచ్చేవాళ్ల కథలు పేపర్లలో చదువుతూనే ఉంటాం.

అయితే కలివికోడికి కొండలతో పెద్దగా పనిలేదు. దానికి కావాల్సింది కొండ కింద నేల. కొండపాదం దగ్గర మొదలై పొలాలదాకా సాగే ముళ్లపొదల మైదానం. తుమ్మ, రేగు, కలివి... మధ్యమధ్యలో మట్టి కనిపించే ఖాళీ జాగాలు. ఊళ్లో ఎవర్ని అడిగినా ‘ఆఁ... అదంతా కంప’ అని కొట్టిపారేసే నేల.

కలివి అంటే నల్లటి చిన్న కాయలు కాసే ముళ్లపొద. కొన్నిచోట్ల కలేకాయ అంటారు. కోస్తావాళ్లు పప్పులో వేసుకునే వాక్కాయకి దగ్గర చుట్టం. పచ్చిగా ఉన్నప్పుడు తెంపితే పాలు కారుతుంది. పండితే పిల్లల నోళ్లన్నీ ఊదారంగే. ఆ పొదల నీడన ఉండే పిట్ట కాబట్టి కలివికోడి అయింది. పాత ఇంగ్లిషు పక్షి పుస్తకాల్లో దీనికి మరో తెలుగు పేరు కూడా రాసిపెట్టారు... ‘అడవి ఉత్తతిత్తి’ అని. తిత్తి అంటే డబ్బుసంచి. ఉత్తతిత్తి అంటే ఖాళీ సంచి! దాన్ని పట్టబోయినవాడికి మిగిలేదదేనని పేరుపెట్టిన వేటగాడికి ముందే తెలుసేమో.

డాక్టరుగారి పిట్ట

కలివికోడిని శాస్త్రలోకానికి పరిచయం చేసింది థామస్ జెర్డాన్. మద్రాసు సైన్యంలో వైద్యుడు. రోగుల్ని చూడగా మిగిలిన సమయమంతా పక్షుల వెంట తిరిగేవాడు. 1848లో దీని వివరాలు లోకానికి వెల్లడయ్యాయి. అందుకే ఇంగ్లిషులో దీని పేరు జెర్డాన్స్ కోర్సర్. పొడవు 27 సెంటీమీటర్లు, కాస్త అటూ ఇటూగా కౌజుపిట్ట కన్నా పెద్దది. సన్నటి పొడుగు కాళ్లు. గోధుమరంగు ఒళ్లు, ఛాతీ మీద రెండు పట్టీలు. చీకట్లో తిరిగే జీవి కాబట్టి కళ్లు పెద్దవి. ప్రమాదం అనిపిస్తే ఎగరడం కన్నా పరిగెత్తడానికే ఇష్టపడుతుంది. పురుగూ పుట్రా దీని ఆహారం.

అప్పట్లో ఇది కడపకే పరిమితం కాదు. బ్లాన్‌ఫోర్డ్ అనే శాస్త్రవేత్త గోదావరి లోయలో సిరోంచ, భద్రాచలం ప్రాంతాల్లో కూడా దీన్ని చూశాడు. ఆ తర్వాత క్రమంగా కనుమరుగైంది. 1900లో అనంతపురం దగ్గర ఒకరు చూసినట్టు రాసిన తర్వాత... ఇంకేం లేదు. 1930ల్లో వెతికారు, లేదు. 70ల్లో వెతికారు, లేదు. పక్షుల తాత సలీం అలీ అంతటివాడు కూడా దీన్ని చూడలేకపోయాడు. చివరికి పుస్తకాల్లో ‘బహుశా అంతరించింది’ అనే మాట చేరిపోయింది.

వెతికినవాళ్లు తక్కువవాళ్లేం కాదు. కానీ ఎక్కువగా పగలు వెతికారు. పిట్టేమో రాత్రిది!

1985లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మరోసారి వెతకాలనుకుంది. ఆ పని మీద వచ్చిన భరత్ భూషణ్ పిట్ట బొమ్మ పట్టుకుని కడప పల్లెల్లో తిరిగారు. పుస్తకాల్లో దొరకని జవాబు ఊళ్లో దొరికింది. ఇక్కడ రాత్రిపూట టార్చిలైటుతో పిట్టల్ని పట్టేవాళ్లున్నారు. వెలుగు కళ్లలో పడగానే పిట్ట బిక్కచచ్చి నిలబడిపోతుంది. వెళ్లి చేత్తో పట్టేసుకోవడమే. 1986 జనవరి 12 రాత్రి, రెడ్డిపల్లె దగ్గర, ఐతన్న అనే వేటగాడి టార్చి వెలుగులో ఒక పిట్ట అలా నిలబడిపోయింది. అది అతను తిండికోసం పట్టే పిట్టల్లాంటిది కాదు. పట్నం సారు చూపించిన బొమ్మలోది. జాగ్రత్తగా ఇంటికి తీసుకొచ్చాడు.

పాపం, అది ఎక్కువ రోజులు బతకలేదు. కానీ 86 ఏళ్లుగా లేదనుకున్న జాతి ఉందని రుజువు చేసి మరీ పోయింది. తొంభైకి చేరువలో ఉన్న సలీం అలీ బతికుండగానే ఆ కబురు అందింది. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటైంది. 464 చదరపు కిలోమీటర్లు. అదే ఏడాది తపాలాశాఖ కలివికోడి బొమ్మతో స్టాంపు వేసింది. కడప మారుమూల పొదల్లోని పిట్ట దేశమంతా ఉత్తరాల మీద తిరిగింది.

పొదలు లెక్కపెట్టారు

స్టాంపు వచ్చింది, అభయారణ్యం వచ్చింది. కానీ ఈ పిట్ట ఎలా బతుకుతుందో తెలియడానికి మరో పన్నెండేళ్లు పట్టింది. 2000 నుంచి పి. జగన్నాథన్ అనే యువ పరిశోధకుడు, మరికొందరు శాస్త్రవేత్తలు చేసిన పద్ధతి వింటే ముచ్చటేస్తుంది. కనిపించని పిట్టని చూడ్డం ఎలా? దాని అడుగులు చూస్తే సరి. పొదల మధ్య ఖాళీల్లో మెత్తటి మట్టిని పొడవాటి పట్టీలుగా పరిచారు, ముగ్గుకి నేల సిద్ధం చేసినట్టు. రాత్రి నడిచిన ప్రతి జీవీ దానిమీద సంతకం పెట్టి వెళుతుంది. తెల్లారి వెళ్లి మేకలవేవో, నక్కలవేవో, పిట్టలవేవో విడదీయాలి. అనుమానం తీర్చుకోవడానికి పక్కనే కెమెరాలు బిగించారు. 2001లో కూతని రికార్డు చేశారు. అప్పటిదాకా అది ఎలా కూస్తుందో శాస్త్రానికి తెలియదు మరి!

వాళ్లు కూర్చుని పొదల్ని కూడా లెక్కపెట్టారు. ఎకరాల కొద్దీ. తేలిందేమిటంటే, నిలువెత్తు పొదలు హెక్టారుకి 300 నుంచి 700 దాకా ఉన్నచోటే కలివికోడికి ఇష్టం. చిన్న పొదలు వెయ్యి దాటకూడదు. మరీ చిక్కగా ఉంటే పరిగెత్తలేదు. మరీ పలచనైతే దాక్కోలేదు. అంటే ఊరివాళ్లు మేకలు మేపుకుని, పొయ్యిలోకి నాలుగు పుల్లలు కొట్టుకుని వాడుకునే నేల ఎలా ఉంటుందో దాదాపు అలాగే ఉండాలన్నమాట. మేకలు మితిమీరితే పొదలు పోతాయి. మేకల్ని పూర్తిగా తరిమేస్తే పొదలు కమ్ముకుపోతాయి. కంచెవేసి తాళంవేస్తే బతికే పిట్ట కాదిది. ఈ లెక్క కాగితం మీద తేలిగ్గానే ఉంటుంది. ఎన్ని మేకలు, ఎన్ని మోపులు అని ఎవరు కొలుస్తారన్నదే చిక్కు.

ఇంకో చిక్కుంది. అభయారణ్యం హద్దుల్లో ఎక్కువభాగం కొండే. పిట్ట ఉండేది కొండ కింద. ఆ నేలలో కొంత హద్దుకి బయట, పట్టాభూముల్లో ఉంది. అడవి అంటే మనకి ఆకాశాన్నంటే చెట్లు గుర్తొస్తాయి. కంప అంటే కొట్టేయాల్సిందే. అందుకే ఇది మాయమవుతుంటే ఎవరికీ అడవి పోతోందనిపించలేదు. బంజరు బాగుపడుతోందనిపించింది. ఒకచోట నిమ్మతోట వచ్చింది, మరోచోట సజ్జచేను. 1991 నుంచి 2000 వరకు ఉపగ్రహం తీసిన బొమ్మలు పోల్చి చూస్తే ఈ చుట్టుపక్కల పొదల నేల పదిశాతానికి పైగా తరిగిపోయిందని తేలింది. పెన్నా మీద సోమశిల జలాశయం నిండేకొద్దీ ముంపు ఊళ్ల జనం పైకి జరిగారు. వాళ్లు కొత్తగా చదునుచేసుకున్న నేలల్లోనూ ఈ పొదలున్నాయి. ఊరు మునిగినవాడు పొద కొట్టుకుంటే కాదనేదెవరు?

కాలువ దారి తప్పింది

2005 అక్టోబరు. పరిశోధకులు ఎప్పటిలాగే అడుగుల పట్టీలు చూసుకోవడానికి వెళితే అక్కడ యంత్రాలు కనిపించాయి. తెలుగుగంగ కాలువ తవ్వకం! కలివికోడి తిరిగే పొదల్ని పెకలించుకుంటూ సాగుతోంది. అటవీ అనుమతి లేదు. అటవీశాఖ పని ఆపించింది. వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీదాకా వెళ్లింది.

శ్రీశైలం నీటిని చెన్నైకి చేర్చే పథకం తెలుగుగంగ. దారిలో రాయలసీమ పొలాలకీ నీళ్లివ్వాలి. వాన కోసం మొగం వాచిన నేల ఇది. బోరు వేసి నీళ్లు పడక అప్పులపాలైన రైతుకి కాలువ అంటే ఏమిటో వేరే చెప్పాలా? ‘ఎవరూ చూడని పిట్ట కోసం కాలువ ఆపుతారా’ అని అడిగినవాళ్లని తప్పుపట్టలేం. మరోవైపు, ఆ కొద్దిపాటి పొదలు పోతే ఆ జాతికి వెళ్లడానికి మరో చోటుందని చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

ఇలాంటి గొడవల్లో ఓడిపోయేది పిట్టే. ఈసారి అలా జరగలేదు. కాలువ ఆగలేదు, పక్కకి జరిగింది. కొత్త దారిలో తవ్వడానికి నిర్ణయమైంది. పిట్ట తిరిగే పొదల్ని కాపాడటానికి దాదాపు 3 వేల ఎకరాల భూమిని ప్రభుత్వం సేకరించింది. ఒక పిట్ట కోసం కాలువని మళ్లించిన సందర్భాలు మన దగ్గర వేళ్లమీద కూడా లెక్కపెట్టలేం. పంతాలకి పోకుండా కొలతలు మార్చుకుంటే నీళ్లూ వస్తాయి, పిట్టా ఉంటుందని ఇంజినీర్లూ శాస్త్రవేత్తలూ కలిసి ఒప్పుకున్న అరుదైన సంగతి ఇది. ముందే అడిగి ఉంటే పెకలించిన పొదలు కూడా దక్కేవి.

అంతా అయ్యాక... పిట్ట కనిపించడం మానేసింది!

2008, 2009 తర్వాత తిరుగులేని ఆధారం ఒక్కటీ దొరకలేదు. ఫొటో లేదు, కూత లేదు. భూమి కొన్నారు, హద్దులు పెట్టారు, కోర్టుల చుట్టూ తిరిగారు. ఎవరి కోసమైతే ఇదంతా చేశారో వాళ్లే ఇంట్లో లేరు. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ఇది ‘అంతరించిపోయే ప్రమాదం అంచున’ ఉన్న జాతి. ఎదిగిన పక్షులు 50 నుంచి 250 లోపే ఉండొచ్చని అంచనా. అంచనా మాత్రమే సుమా, ఎవరూ లెక్కపెట్టింది కాదు.

మధ్యలో 2013లో ఒక వింత కబురు వచ్చింది. స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఓ గుడ్డు బయటపడింది. 1917 ప్రాంతంలో కోలారు బంగారు గనుల్లో పనిచేసిన ఓ పశువైద్యుడు సేకరించిన గుడ్లలో ఒకటి. డీఎన్‌ఏ పరీక్ష చేస్తే కలివికోడిదని తేలింది. ప్రపంచంలో దొరికిన కలివికోడి గుడ్డు అదొక్కటే. లంకమల పిట్ట గుడ్డు చూడాలంటే స్కాట్లండు వెళ్లాలి! గూడెలా ఉంటుందో, పిల్ల ఎలా ఉంటుందో చూసి రాసినవాళ్లు ఇప్పటికీ లేరు.

2025 ఆగస్టులో ఆ నిశ్శబ్దం తెగింది. పక్షుల్ని వెతుక్కుంటూ వచ్చిన ఓ బృందానికి రాత్రివేళ ఆంధ్రప్రదేశ్‌లో ఓచోట ఆ రెండు ముక్కల కూత వినిపించింది. ఈసారి వాళ్ల చేతిలో టార్చి ఒక్కటే కాదు, రికార్డరూ ఉంది. పిట్ట కంటికి చిక్కకపోయినా కూత చిక్కింది. దాదాపు పదహారేళ్ల తర్వాత వినిపించిన మొదటి మాట.

లంకమల వెళ్లాలనుకునేవాళ్లకి కడప నుంచీ బద్వేలు నుంచీ బస్సులున్నాయి. అభయారణ్యంలోకి అడుగుపెట్టాలంటే మాత్రం అటవీశాఖ అనుమతి తప్పనిసరి. కలివికోడి కనిపిస్తుందని ఆశపెట్టుకోవద్దు. పగలు వెళితే దాని ఇల్లు మాత్రం కనిపిస్తుంది... తుమ్మలు, రేగుచెట్లు, మధ్యలో ఎర్రమట్టి జాగాలు, అటూ ఇటూ మేకల అడుగులు, కాయల కాలంలో అయితే ముళ్లసందున నల్లగా మెరిసే కలివిపళ్లు.