ఈసీలో కనిపించని మనిషి

ఇల్లు కొనబోయేవాళ్లు ఈసీ (ఎన్‌కంబ్రన్స్ సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు, ఆస్తిపన్ను రసీదులు తెచ్చి నా బల్ల మీద పరుస్తారు. వాటిని ముట్టుకోకముందే నేనడిగేది ఒకటే: "ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరుంటున్నారు?"

"కిరాయికున్నారు మేడమ్. నెలాఖరుకి ఖాళీ చేస్తారని ఓనరు చెప్పాడు."

చెప్పింది అమ్మేవాడు. లోపలున్న మనిషిని అడిగినవాళ్లు ఉండరు. హైదరాబాద్ సివిల్ కోర్టుల్లో ఇళ్ల తగాదాలు నడిపే వకీలుగా నేను పట్టుబట్టేది ఇక్కడే. బయానా ఇచ్చేముందు ఆ మనిషితో మాట్లాడాలి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. పదకొండు నెలల కిరాయి అగ్రిమెంట్లు సాధారణంగా రిజిస్ట్రేషన్ ఆఫీసు దాకా పోవు, నోటిమాట ఒప్పందాల సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, మూడో సెక్షన్‌లోనే, ఇంట్లో నిజంగా ఎవరుంటున్నారో వాళ్ల హక్కు కొనేవాడికి తెలిసినట్టే లెక్కగడుతుంది. "నాకెవరూ చెప్పలేదు" అన్న మాట అక్కడ చెల్లదు.

చిక్కడపల్లి వైపు ఒక పాత ఇంటి బేరంలో ఇలాగే వెళ్లాను. కింది వాటాలో ఒక పెద్దావిడ ఉంది. కిరాయి ఎంతిస్తున్నారమ్మా అని అడిగాను.

"మా నాన్న కట్టిన ఇంటికి కిరాయి ఎవరికియ్యాలమ్మా?" అందామె.

అమ్మేవాడికి ఆమె సొంత అక్క. భర్త పోయాక పుట్టింటికి వచ్చి, తల్లిదండ్రులకు చివరిదాకా చేసింది. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. ఆస్తిపన్ను రికార్డు తమ్ముడి పేరుకు మారింది గానీ, ఆ మార్పు పన్ను వసూలు కోసమే, హక్కు ఇవ్వదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి స్వార్జితంలో కూతురికీ కొడుకుతో సమాన వాటా. తమ్ముడు ఒక్కడే సంతకం పెడితే కొన్నవాడికి దక్కేది తమ్ముడి వాటానే. అది కుటుంబం పంచుకోని నివాసగృహం కాబట్టి, బయటివాడు ఆమెతో కలిసి అందులో ఉంటానని అడగడానికి కూడా ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ ఒప్పుకోదు. ఆ బయటివాడు పంపకానికి దావా వేస్తే, ఆ వాటాను తనకే అమ్మించమని ఆమె కోర్టును కోరవచ్చు.

కొనేవాడికి ఇదంతా చెప్పి బేరం ఆపించాను. తమ్ముడు చాలా గొడవ చేశాడు. చివరికి అక్క కూడా అమ్మకందారుగా సంతకం చేసింది, ఆమె వాటా డబ్బు ఆమె పేరు మీదే చెక్కుగా వచ్చింది. అలా కాకపోతే నేను ఆ డాక్యుమెంటు రాసేదాన్ని కాదు.

నిజంగా కిరాయిదారే అయితే దారి వేరు. ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం కొన్నవాడు పాత ఓనరు స్థానంలోకి వస్తాడు. ఇల్లు చేతులు మారిందని తెలియక కిరాయి పాత ఓనరుకే ఇస్తే, మళ్లీ ఇమ్మని అడగలేం. అందుకే రిజిస్ట్రేషన్ రోజే ఓనరు చేత కిరాయిదారుకు ఉత్తరం రాయిస్తాను. అడ్వాన్సు ఎంత, అది ఎవరి దగ్గరుంది అన్నది అందులో తప్పక ఉండాలి. గడువు రాసుకోని నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు చాలు. కానీ అతను వెళ్లనంటే దావా వేయాల్సిందే. తక్కువ కిరాయి పాత ఇళ్లయితే 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం అడ్డొస్తుంది, అక్కడ ఖాళీ చేయించడానికి ఇల్లు కొన్నానన్న కారణం ఒక్కటే సరిపోదు.

"కరెంటు తీయిస్తే వాళ్లే పోతారు కదా మేడమ్?" అని కొందరు అడుగుతారు. వాళ్ల వకాలత్ తీసుకోను. పిల్లల పరీక్షలప్పుడు ఇంట్లో దీపం లేకుండా చేయడం నేను సహించలేను. బలవంతంగా గెంటేస్తే, ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి ఇంట్లోకి రావచ్చని 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ చెబుతోంది. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు.

ఈమధ్య బ్యాంకు వేలాల్లో కొనేవాళ్లు ఎక్కువగా వస్తున్నారు. ఇల్లు ఎలా ఉంటే అలా తీసుకోవాలని బ్యాంకు ముందే రాసేస్తుంది. ధరలో 25 శాతం పాట దక్కిన రోజు గానీ ఆ తర్వాతి పనిదినాన గానీ కట్టాలి. మిగతాది గడువులో కట్టకపోతే ఆ 25 శాతమూ పోతుంది. స్వాధీనం కాగితం మీదేనా, నిజంగా తాళంచెవులు బ్యాంకు చేతిలో ఉన్నాయా అని నోటీసులో చూడమంటాను. లోపల కిరాయిదారు ఉంటే, అతని ఒప్పందం తాకట్టుకు ముందుదో తర్వాతదో తెలిశాకే పాట పాడమంటాను.