మా అమ్మాయి హాస్టలుకి వెళ్తోంది

ఈసారి మినుము గురించి రాస్తానన్నాను గానీ అది వచ్చే వారం. ఇవాళ ఇంటి సంగతి రాస్తాను. ఇలాంటి పిల్లలున్న ఇళ్లు మన ఊళ్లల్లో ఇంకా ఉండే ఉంటాయి, వాళ్లకి పనికొస్తుందని.

మా చిన్నమ్మాయికి 16 ఏళ్లు. ఇప్పటికి 11 సార్లు ఎముకలు విరిగాయి. మొదటిది ఎనిమిదో నెలలో, చాప మీద పాకబోతూ తొడ ఎముక. ఎవరూ కొట్టలేదు, ఎత్తు మీంచి పడలేదు. పెద్ద డాక్టరు గారు పిల్ల కంటి తెల్లగుడ్డు నీలంగా ఉండటం చూసి జబ్బు పేరు చెప్పారు, ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా అని. ఆ పేరు నోరు తిరగడానికే నాకు నెల పట్టింది.

చాలామంది కాల్షియం తక్కువ అనుకుంటారు. కాదు. స్లాబు పోసేటప్పుడు సిమెంటు ఎంత మంచిది వాడినా లోపల ఇనుము సరిగా లేకపోతే ఏమవుద్ది? ఎముకలో కాల్షియం సిమెంటు లాంటిది, కొలాజెన్ అనే పదార్థం ఇనప చువ్వ లాంటిది. ఈ పిల్లలకి ఆ చువ్వలోనే పుట్టుకతో తేడా. మేనరికం చేసుకున్నారా అని ఊరంతా అడిగారు. మాది మేనరికం కాదు. తల్లిదండ్రులిద్దరికీ లేకపోయినా బిడ్డలో కొత్తగా రావచ్చట. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే మా ఆవిడ అత్తగారింట్లో అన్ని మాటలు పడేది కాదు. పుత్తూరు కట్టు కట్టించమన్నారు, దిష్టి తీయించమన్నారు. విరిగిన చోటికి కట్టు సరే, ఎముక తయారీలోనే ఉన్న లోపానికి కట్టేం చేస్తుందండీ.

మందు ఉంది, పూర్తిగా నయం చేసేది కాదు. పామిడ్రోనేట్ అని, సెలైన్లో కలిపి ఎక్కిస్తారు, కొన్ని నెలలకోసారి. మొదటిసారి జ్వరం వచ్చింది, అది మామూలేనన్నారు. ఏడో ఏట తొడలో కడ్డీ వేశారు, పిల్ల ఎదిగే కొద్దీ అదీ సాగుద్ది. ఇవన్నీ డాక్టర్ల పని. మా పని వేరే.

మా అమ్మ బతికున్నన్నాళ్లూ ఒకటే మాట, "దాన్ని కిందికి దింపొద్దురా" అని. ఆమె ప్రేమ నాకు తెలుసు. కానీ డాక్టరు గారు చెప్పింది ఇది: కదలకుండా పడుకోబెడితే ఎముక ఇంకా పలచబడుద్ది, పలచబడితే చిన్న తగులుకే విరుగుద్ది, విరిగిందని మళ్లీ పడుకోబెడతాం. అంటే కాపాడుతున్నామనుకునే పనే పిల్లని విరగ్గొడుద్ది. రైతులకి ఇది కొత్త కాదు. నీడలో పెంచిన మిరప నారు పొడుగ్గా సాగి నాటిన రోజే వాలిపోద్ది, అందుకే పీకే ముందు నీళ్లు తగ్గించి గట్టిపరుస్తాం. కానీ పిల్ల నారు కాదు. నారు పోతే ఇంకో మడి పోసుకుంటాం.

అందుకని మేం పిల్లని ఆపడం మాని ఇంటిని మార్చాం. స్నానాల గదిలో నున్నటి బండలు తీయించి గరుకు రాళ్లు వేశాం. అరుగు మెట్లకి పైపు బిగించాం. బిందె నీళ్లు ఒలికితే అప్పుడే తుడవాలి, దూడని కట్టెయ్యాలి, ఇవి ఇంట్లో చట్టాలు. పసిదిగా ఉన్నప్పుడు పాదాలు పట్టి పైకెత్తి గుడ్డ మార్చేవాళ్లం కాదు, పిరుదుల కింద అరచెయ్యి పెట్టి ఎత్తేవాళ్లం. చెయ్యి పట్టి లాగడం ఎవరైనా సరే బంద్. దెబ్బ తగిలితే ముందు అట్టముక్క, మెత్తటి గుడ్డ పెట్టి కదలకుండా కట్టి, అప్పుడే ఆటో ఎక్కించడం.

ఈత నేనే నేర్పాను, మా పంట కాలువలో. నీళ్లలో ఒంటి బరువు ఎముకల మీద పడదు, కండ మాత్రం గట్టిపడుద్ది. రేవు మెట్లకి నాచు ఉంటుంది కాబట్టి ఎత్తుకుని దిగి నీళ్లలో వదిలేవాణ్ణి. నడుముకి ఖాళీ నూనె డబ్బా కట్టేవాణ్ణి (పురుగు మందు డబ్బా కాదు బాబూ, అది ఎంత కడిగినా వద్దు). రెండో ఏడాదికి డబ్బా తీసేసింది. గట్టు మీద కర్ర పట్టుకుని నడిచే పిల్ల, నీళ్లలో మా పెద్దోడి కంటే ముందుండేది.

బడిలో చేర్చేటప్పుడు ఒకచోట "మేం బాధ్యత తీసుకోలేం" అన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్యం ఉందని పిల్లల్ని చేర్చుకోమనడానికి లేదు. సదరం సర్టిఫికెట్టు చేయించుకోండి, మాట్లాడేటప్పుడు చేతిలో కాగితం ఉండాలి. రెండో బడి వాళ్లు తీసుకున్నారు, బెల్లుకి ఐదు నిమిషాల ముందు వదిలేవాళ్లు, మెట్ల మీద తోపులాట లేకుండా. అంతే వాళ్లు చేసింది, అది చాలా పెద్దది.

ఆటల్లో మార్కులు రాసే పని ఇస్తే మాత్రం ఏడ్చేది. ఆడాలంటుంది. ఎనిమిదో క్లాసులో ఖోఖో ఆడి మణికట్టు విరగ్గొట్టుకుంది. తిడదామని వెళ్తే "ఇద్దర్ని అవుట్ చేశా నాన్నా" అంది. ఏం తిడతాం.

ఇప్పుడు టౌన్లో ఇంటర్, ఎంపీసీ, హాస్టల్లో ఉంటానంటోంది. వయసొచ్చాక విరగడం తగ్గుద్దన్నారు, తగ్గింది కూడా, రెండేళ్లుగా ఏమీ లేదు. అయినా మా ఆవిడకి నిద్ర లేదు. నాకూ లేదనుకోండి. మొన్న హాస్టలు చూడ్డానికి ముగ్గురం వెళ్లాం. నేను బాత్రూము నేల చూస్తున్నా, ఈలోపు ఇది వార్డెన్ గారితో, "మేడం, నేను పడితే చెయ్యి పట్టి లేపొద్దు. ఎక్కడ నొప్పో నేను చెప్తా, అట్ట కట్టాక కదిలించండి. నాకు కింది అంతస్తు రూమ్ కావాలి" అని చెప్తోంది. ఆవిడ రాసుకున్నారు.

కింది రూమ్ ఇచ్చారు. బాత్రూములో గరుకు మ్యాట్ మేమే తెచ్చుకుంటామన్నాం. మా ఆవిడ నోటితో ఇంకా సరే అనలేదు, నిన్న మాత్రం బజారుకెళ్లి మ్యాట్లు రెండు కొనుక్కొచ్చింది.