తదుపరి స్టేషన్ కృష్ణా కెనాల్

వేర్వేరు నగరాల మెట్రో పటాల చివరలు అతికించి, ఒకే రైలు వ్యవస్థ అన్నట్టు గీయడం పటాల పిచ్చి ఉన్నవాళ్లకు ఇష్టమైన కాలక్షేపం. లండన్‌లో సైమన్ ప్యాటర్సన్ అనే చిత్రకారుడు 1992లో ఇంకో అడుగు ముందుకేశాడు. ట్యూబ్ రైలు పటంలో స్టేషన్ల పేర్లు తీసేసి తత్వవేత్తల పేర్లు, సినిమా తారల పేర్లు, ఫుట్‌బాల్ ఆటగాళ్ల పేర్లు పెట్టి ‘ద గ్రేట్ బేర్’ అన్నాడు. అలాంటి పటం మనమూ ఒకటి గీసుకుందాం. హైదరాబాదు రెడ్ లైను ఎల్బీ నగర్‌లో ఆగదు. చౌటుప్పల్, సూర్యాపేట, నందిగామ స్టేషన్లు దాటి బెజవాడ బస్టాండు దగ్గర తేలుతుంది. అక్కడ ఒక రైలు మారితే అమరావతి, ఇంకోటి మారితే గుంటూరు, ఒంగోలు మీదుగా చెన్నై. గుంటూరు మిర్చి యార్డు స్టేషన్లో దిగేవారు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలని ముందే హెచ్చరిక. ఇంతవరకు నవ్వులాటే. కానీ లోకంలోని ఇలాంటి పటాలన్నిటిలోకీ మనది తక్కువ అబద్ధమని నా వాదన. ఈ ఊళ్లను కలిపే గీత కొత్తగా ఊహించాల్సింది కాదు, ఇదివరకే ఉంది. దాన్ని పట్టాలతో కాకుండా నీళ్లతో వేశారు. లైను ఉంది, దాన్ని లైనుగా చూసే కన్ను పోయింది.

రుజువు కోసం హైదరాబాదులోనే బయల్దేరాలి. 2017 నవంబరులో మొదలైన హైదరాబాదు మెట్రో అరవై తొమ్మిది కిలోమీటర్ల పొడవునా స్తంభాల మీదే పోతుంది, ఎక్కడా సొరంగం లేదు. కాబట్టి మెట్రో అంటే భూమిలోంచి పోవాలనే పట్టింపు మనకు మొదటి నుంచీ లేదు, నీళ్ల మీద పోతే తప్పేమిటి? రెడ్ లైను, గ్రీన్ లైను కలిసే మహాత్మాగాంధీ బస్టాండు స్టేషన్ సరిగ్గా మూసీ ఒడ్డున ఉంది. రైలు దిగి వంతెన మీద నిలబడితే కింద పారేది (రంగు, వాసన గురించి ప్రయాణికులు ఫిర్యాదు చేయరాదు) నల్లగొండ జిల్లా దాటుతూ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మూసీ మీద పడవలు తిరుగుతాయని ఎవరూ అనరు, నేనూ అనను. పటంలో అది చుక్కల గీతే. అయితే చుక్కల గీత ముగిసిన చోటునే ప్రభుత్వం గట్టి గీత గీసింది. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో కృష్ణ భాగం నల్లగొండ జిల్లా వజీరాబాద్ (ఆ వాడపల్లే) దగ్గర మొదలై విజయవాడ దాకా 157 కిలోమీటర్లు. మిగతా భాగాలు ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ, గోదావరి వగైరా. కృష్ణతో కలిపి మొత్తం 1,078 కిలోమీటర్లు. హాస్యానికి గీసిన పటానికీ, గెజిట్‌లో అచ్చయిన పటానికీ ఇంత దగ్గర పోలిక ఇంకెక్కడ దొరుకుతుందో నాకు తెలియదు.

పులిచింతల ఆనకట్ట దాటి, ముక్త్యాల బల్లకట్టు రేవు పక్కనుంచి దిగువకు వస్తే కుడి ఒడ్డున అమరావతి. పంచారామాల్లో ఒకటైన అమరేశ్వరాలయం గోడ నదికి ఆనుకునే ఉంటుంది. ఇక్కడి ధాన్యకటకాన్ని ఏలిన శాతవాహనుల నాణేల మీద రెండు తెరస్తంభాల ఓడ బొమ్మ ఉంటుంది. ఒక రాజ్యం డబ్బు మీద ఓడను అచ్చువేసిందంటే దాని ఆదాయం ఏ దారిన వచ్చేదో చెప్పకనే చెప్పింది. ఈ స్టేషన్ నుంచి అతి దూరం ప్రయాణించినవి మాత్రం మనుషులు కారు, స్తూపం మీది సున్నపురాతి శిల్పాలు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, వాటిలో కొన్ని 1859లో లండన్ వెళ్లి ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ మ్యూజియం పేరుతో లండన్ ట్యూబ్‌లో ఒక స్టేషనే ఉండేది. 1933లో దాన్ని మూసేశారు. అంటే మన పటంలో అమరావతి నుంచి నేరుగా పోయే లండన్ లైను కూడా గీయొచ్చు, కాకపోతే చివరి స్టేషన్లో దిగే వీలు లేదు.

కొత్త అమరావతికి గీతల కొరత ఎన్నడూ లేదు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. అమరావతి పేరుతో మెట్రో రైల్ కార్పొరేషన్ కూడా ఆ ఏడాదే పుట్టింది. తరువాత దాని పేరు మారింది, రైలు మాత్రం రాలేదు. ఢిల్లీ మెట్రో నిపుణులు బెజవాడ బస్టాండు నుంచి నిడమానూరుకు ఒకటి, పెనమలూరుకు ఒకటి గీతలు గీశారు. 2024 నాటికి నిడమానూరు గీత గన్నవరం దాకా సాగింది. మొదటి దశ 38.4 కిలోమీటర్లు, రెండో దశలో బస్టాండు నుంచి నది దాటి అమరావతికి 27.75 కిలోమీటర్లు. అదే ఏడాది అక్టోబరు 24న ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల రైలు మార్గాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. దేశంలో మొదటి మెట్రో కలకత్తాలో కదిలింది 1984లో, సరిగ్గా అదే తేదీన. తేదీలు కలవడంలో విశేషం లేదు గాని, నలభై ఏళ్ల తేడా మాత్రం గమనించదగ్గది. ఈ ప్రాజెక్టు నివేదికలను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు, ఆ లైన్లు రావాలనే కోరుకుంటాను. అయితే నివేదికలోని పటానికీ హాస్య పటానికీ ఒక తేడా ఉంది. రెండోది తాను ఊహనని ముందే ఒప్పుకుంటుంది. మొదటిది ఒప్పుకోదు, పైగా ఒక్క నగరం పొలిమేర దగ్గర ఆగిపోతుంది. దాని దృష్టిలో బస్టాండుకు దగ్గర్లోనే పారే కృష్ణ ఒక అడ్డంకి, అంటే వంతెన ఖర్చు. నవ్వుకోడానికి గీసిన పటమే నదిని దారిగా చూడగలుగుతుంది.

ఈ మాటకు లండన్‌లోనే సాక్ష్యం ఉంది. అన్ని మెట్రో పటాలకూ తాత అనదగ్గ పటాన్ని హ్యారీ బెక్ 1931లో గీస్తే 1933లో అచ్చువేశారు. దూరాలు, వంపులు, వీధులు అన్నీ తీసేసి గీతలు, చుక్కలు మాత్రమే ఉంచినవాడు కూడా నేల మీది వస్తువుల్లో ఒక్కదాన్ని వదల్లేదు, అది థేమ్స్ నది. 2009లో పటం శుభ్రంగా ఉండాలని అధికారులు ఆ నదిని చెరిపేస్తే జనం ఊరుకోలేదు, కొద్ది నెలల్లోనే మళ్లీ వేయాల్సి వచ్చింది. నది లేకపోతే తాను ఊళ్లో ఏ వైపున ఉన్నాడో ప్రయాణికుడికి తెలియదు. ఉండవల్లి గుహల దగ్గర నిలబడి బ్యారేజీ వైపు చూస్తే బెజవాడకూ ఇదే వర్తిస్తుందని అర్థమవుతుంది. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగితే, ఆ స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. డెల్టాకు నీరు, ఊరికి దారి, రెండూ దాని మీదే. 2024 సెప్టెంబరు వరదలో, పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చిన రోజున, టికెట్టు లేని పెద్ద పడవలు కొన్ని ఎగువ నుంచి కొట్టుకొచ్చి గేట్లను గుద్దుకున్నాయి. వాటిని తీయడానికి పట్టిన తిప్పలు చూసినవారికి ఈ లైను నిర్వహణ ఎలా ఉందో వేరే చెప్పనక్కర్లేదు.

బ్యారేజీకి కుడి పక్కన, తాడేపల్లి దగ్గర, మన పటానికి అవసరమైన ఇంటర్‌చేంజ్ స్టేషన్‌ను రైల్వేవాళ్లు ఎప్పుడో కట్టిపెట్టారు. దాని పేరు కృష్ణా కెనాల్ జంక్షన్. విజయవాడ నుంచి వచ్చే రైలు గుంటూరుకో తెనాలికో తేల్చుకునేది అక్కడే. కాలువ పేరు పెట్టుకున్న జంక్షన్లో కాలువ ఎక్కే వీలు మాత్రం లేదు. పడమటి కాలువ అక్కణ్నించి దుగ్గిరాల లాకులకు పోతుంది. పసుపు యార్డుకు పేరుపడ్డ దుగ్గిరాల దగ్గర కాలువలు చీలుతాయి. నిజాంపట్నం వైపు ఒకటి పోతే, కొమ్మమూరు కాలువ కాకుమాను, పర్చూరు వైపు నైరుతికి మళ్లుతుంది. జలమార్గం లెక్కలో ఈ కాలువ పొడవు 113 కిలోమీటర్లు. దాదాపుగా దానికి తూర్పున వరి మాగాణి, పడమట నల్లరేగడి మెట్ట. పత్తి, మిర్చి పండే ఆ మెట్ట సరుకు చాలావరకు ఇవాళ లారీల మీద గుంటూరు చేరి, లారీల మీదే చెన్నై రేవుకు పోతుంది. నగరాల మెట్రో పటాల్లో కనిపించనిది ఇదే. రెండు స్టేషన్ల మధ్య గీత కింద ఏ పంట పండుతుందో ఆ పటం చెప్పదు. హైదరాబాదునూ చెన్నైనీ కలిపే పటంలో మధ్యలోని వందల కిలోమీటర్లు ఖాళీ కాగితం. నీటి పటంలో ప్రతి లాకూ ఒక స్టేషనే, ప్రతి స్టేషనుకూ ఎక్కించడానికి సరుకుంది.

పెదగంజాం లాకుల దగ్గర కొమ్మమూరు ముగిసి బకింగ్‌హామ్ కాలువ మొదలవుతుంది. 1801లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు ఒక ప్రైవేటు కాలువగా తవ్వకం మొదలుపెడితే, ఏడు దశాబ్దాలకు పైగా ముక్కలు ముక్కలుగా పెరిగి అది ఇక్కడిదాకా వచ్చింది. ధాత కరువులో పస్తులున్న జనానికి పని చూపించడానికి 1877-78లో మద్రాసు నగరం లోపల కూవం నదినీ అడయారు నదినీ కలుపుతూ ఎనిమిది కిలోమీటర్లు తవ్వించారు. ఆనాటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు మొత్తం కాలువకూ అంటుకుంది. తవ్వినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఆ తరువాత కాకినాడలో పడవ ఎక్కి ఏలూరు, బెజవాడ, పెదగంజాం, కృష్ణపట్నం, పులికాట్ మీదుగా సముద్రం మొహం చూడకుండా మద్రాసులో దిగే వీలుండేది. చినగంజాం ఉప్పు, కట్టెలు, ధాన్యం ఆ దారినే పోయేవి. అంటే నేను పైన సరదాకు గీసిన పటం పంతొమ్మిదో శతాబ్దం చివరికే నడుస్తున్న సర్వీసు. 1899లో బెజవాడ, మద్రాసుల మధ్య రైలు రావడంతో సరుకు మెల్లగా అటు మళ్లింది. 1960ల నడుమ వచ్చిన తుఫాన్లు పూడ్చినంత పూడ్చాయి, మిగతాది మనం పూడ్చాం.

ఇక్కడ అభ్యంతరాలు రావడం సహజం. మొదటిది వేగం. ఏసీ బస్సు రాత్రి ఎక్కితే తెల్లారేసరికి చెన్నైలో దించుతుంటే రోజుల తరబడి పడవలో ఎవరు కూర్చుంటారు? ఎవరూ కూర్చోరు, కూర్చోమని నేనూ అనడం లేదు. కానీ గుంటూరు శీతల గిడ్డంగుల్లో నెలల తరబడి కూర్చునే మిర్చి టిక్కీకి తెల్లారేసరికి రేవు చేరాలన్న తొందర లేదు, పత్తి బేలుకూ లేదు. రెండోది సాంకేతికం. హైదరాబాదు మెట్రో పట్టాల మధ్య వెడల్పు 1,435 మిల్లీమీటర్లు, చెన్నైలో ఎంఆర్‌టీఎస్ అనే నగర రైలుది 1,676. కాబట్టి ఆ రెంటినీ కలపాలన్న పటం పట్టాల దగ్గరే పట్టాలు తప్పుతుంది. నిజమే, ఇది రైలు పటానికి దెబ్బ, నీటి పటానికి కాదు. అసలు బరువున్న అభ్యంతరం మూడోది. ఇవి సాగునీటి కాలువలు, వేసవిలో కట్టేస్తారు. ఆయకట్టు చివరి ఎకరానికే నీరందని ఏడాది పడవ కోసం నీళ్లు నిలబెడతామంటే రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పాతకాలంలోనూ ఈ కాలువలు సాగుకూ రవాణాకూ కలిపి నడిచాయన్నంతవరకే చెప్పగలను. 2017లో ముక్త్యాల, విజయవాడల మధ్య నది మీద మొదలుపెట్టిన జలమార్గం పనుల్లాంటివి కాలువల కన్నా ముందు రావడమే సబబని కూడా ఒప్పుకుంటాను. ఏడాది పొడవునా నడవకపోయినా అది లైనే, కాలువలో నీళ్లున్నన్నాళ్లు నడిచే లైను.

ఇక చివరి స్టేషన్. చెన్నైలో 1995లోనూ 1997లోనూ దశలవారీగా తెరిచిన ఎంఆర్‌టీఎస్ బీచ్ నుంచి చేపాక్, తిరుమయిలై వైపు స్తంభాల మీద పోతుంది. ఆ స్తంభాలను చాలాచోట్ల నాటింది బకింగ్‌హామ్ కాలువలోనే, అదీ కరువు కూలీలు తవ్విన ఆ ఎనిమిది కిలోమీటర్ల ముక్కలో. కారణం తెలిసిందే. నగరం నడిబొడ్డున నేల సేకరించడం కష్టం, కాలువ అయితే అడిగేవాడు లేడు. మూసీ ఒడ్డు స్టేషన్ దగ్గర చుక్కల గీతగా మొదలైన లైను ఇక్కడికొచ్చేసరికి నిజంగానే ఒక నగర రైలును కలుసుకుంటుంది. కలిసిన చోట మారడానికి దారి లేదు, నీటి గొంతులో కాంక్రీటు స్తంభముంది. హాస్య పటం గీసినవాడు కూడా ఇంత మాట ఊహించి ఉండడు. ఈ కాలువ వల్ల లాభం లేదనేవారికి 2004 డిసెంబరు సునామీని గుర్తుచేయాలి. తీరం వెంట చాలా చోట్ల ఎగిసొచ్చిన నీటిని మింగి లోపలి ఊళ్లను కొంత కాచింది ఈ పాడుబడ్డ కాలువే.

బెజవాడలో మెట్రో లైను ఇంకా భూమిలో దిగలేదు, కాబట్టి ఇప్పుడు చెబితే అంతో ఇంతో ప్రయోజనం ఉంటుంది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఊరి మధ్యగానే పోతున్నాయి. చెన్నై చేసిన పని ఇక్కడ చేయవద్దు. స్తంభాల కోసం ఎవరి కన్నైనా ఆ కాలువల మీద పడితే, అమరావతి వంతెనకు నమూనా గీసే ఇంజినీర్లే ముందు అడ్డుచెప్పాలి. బస్టాండు స్టేషన్ నుంచి నది రేవుకు నాలుగడుగుల దారి ఒకటి నమూనాలోనే పెట్టాలి. మెట్రో పటం అచ్చువేసే రోజున గన్నవరం, పెనమలూరు, అమరావతి గీతలతో పాటు కృష్ణనూ మూడు కాలువలనూ నీలిరంగులో వేయండి. అదనంగా అయ్యేది సిరా ఖర్చు మాత్రమే.