వియన్నాలో ముప్పై గంటలు

వచ్చే అక్టోబరులో నేను, నా శ్రీమతి మ్యూనిక్ నగరంలో ఉంటున్న మా అమ్మాయి వద్దకు వెళుతున్నాం. దారిలో వియన్నాలో ఒక్క రాత్రి ఆగుతాం. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి విమానం దిగి, శుక్రవారం సాయంకాలం ఆరున్నరకు మ్యూనిక్ రైలెక్కాలి. ఐరోపా నేలపై మేమిద్దరం కాలు పెట్టడం ఇదే మొదటిసారి. మా వయస్సు వారికి ఉపయోగపడవచ్చునని ఆ సన్నాహాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. అయితే రాయడానికి కూర్చున్న తరువాత, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని ఒక విషయం కూడా చెప్పవలసి వచ్చింది.

మొదట నేను తయారుచేసిన జాబితాలో పదకొండు స్థలాలు ఉన్నాయి. షోన్‌బ్రున్ రాజభవనం, హోఫ్‌బుర్గ్, 343 మెట్ల గోపురం గల సెయింట్ స్టీఫెన్ కెథెడ్రల్, క్లిమ్ట్ చిత్రాలున్న బెల్వెదేర్, 1897 నాటి పెద్ద రంగులరాట్నం, బీథోవెన్ సమాధి, డాన్యూబ్ నది, ఫ్రాయిడ్ నివసించిన ఇల్లు, మైనంతో చేసిన శరీర నిర్మాణ నమూనాలున్న యోసెఫీనుం, పిచ్చివారి బురుజు, పాత సర్వజన ఆసుపత్రి. శ్రీమతి ఆ కాగితాన్ని చదివి, “ఏమండీ, మనం వెళ్లేది చూడటానికా, హాజరు వేయించుకోవడానికా?” అంది.

అప్పుడు గంటలు లెక్కించాను. ముప్పైన్నర గంటలలో నిద్రకు ఎనిమిది. విమానాశ్రయపు తనిఖీలకు, బసకు చేరడానికి రెండు. స్నానపానాదులకు, భోజనాలకు నాలుగు. స్టేషనుకు ముందుగా చేరుకోవడానికి ఒకటి. మిగిలినవి పదిహేనున్నర. ఆ తరువాత మోకాళ్లను లెక్కించాను. శ్రీమతి ఒక విడతలో అరగంటకు మించి నడవలేదు; నడిచిన తరువాత అంతసేపూ కూర్చోవాలి. నేను ఆమెకంటే కొంత నయమే గాని, రాతి పలకలు పరచిన వీధులలో ఆ నయం ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేను. యాత్రా పుస్తకాలు గంటల లెక్కే చెబుతాయి, మోకాళ్ల లెక్క చెప్పవు. వృద్ధులు పర్యటనలలో జబ్బు పడటానికి సగం కారణం ఈ రెండో లెక్క వేసుకోకపోవడమేనని నా అనుభవం.

వైద్య సంబంధమైన ఏర్పాట్లను క్లుప్తంగా చెబుతాను. జర్మనీలో ఎక్కువ రోజులు ఉంటాం కాబట్టి వీసాకు ఆ దేశానికే దరఖాస్తు చేశాం. దానితోనే ఆస్ట్రియాలోనూ దిగవచ్చు. అందుకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఇక్కడ ఒక హెచ్చరిక: అనేక పాలసీలలో ముందునుంచీ ఉన్న జబ్బులకు రక్షణ ఉండదు, లేదా ప్రాణాపాయ స్థితికే పరిమితమై ఉంటుంది. మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు ఆ షరతును చదవకుండా సంతకం చేయకూడదు. ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి. విమానం సామాను గదిలో అది గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు. మందుల చీటీలో వ్యాపార నామాలకు బదులు ఔషధ నామాలు రాయించుకోవాలి, ఎందుకంటే మన బ్రాండ్లు అక్కడ ఎవరికీ తెలియవు. అక్టోబరు చివరి ఆదివారం వరకు వియన్నా మనకంటే మూడున్నర గంటలు వెనుక. ఇంటివద్ద రాత్రి పదింటికి తీసుకునే దీర్ఘకాలిక ఇన్సులిన్‌ను శ్రీమతి ఆ రోజు అక్కడి సాయంకాలం ఆరున్నరకే తీసుకుంటుంది. మ్యూనిక్ చేరాక రోజుకొక గంట చొప్పున జరుపుకుంటుంది. ఇది ఆమెకు నేను వేసిన లెక్క. మీ లెక్క మీ వైద్యుడు వేయాలి.

నాలుగు గంటలకు మించిన విమాన ప్రయాణంలో కాళ్ల లోతు సిరలలో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. నాకు ఉబ్బునరాలు ఉన్నాయి కాబట్టి బిగుతు మేజోళ్లు ధరిస్తాను. ఇద్దరం గంటకొకసారి లేచి నడుస్తాం. అత్యవసర అంబులెన్సుకు ఆస్ట్రియాలో 144, ఐరోపా అంతటా 112. మందుల దుకాణాన్ని ఎర్రని ‘ఏ’ అక్షరం గుర్తుతో పోల్చుకోవచ్చు. బస విషయంలో ఒక తమాషా తెలిసింది. వియన్నాలోని పాత భవనాలలో నేలంతస్తుకూ మొదటి అంతస్తుకూ నడుమ ఎత్తు నేల అనీ, మెజనీన్ అనీ అదనపు అంతస్తులు ఉంటాయట. ‘మొదటి అంతస్తు’ అని చూసి గది తీసుకుంటే మూడంతస్తులు ఎక్కవలసి రావచ్చు. అందుచేత లిఫ్టు ఉందని రాతపూర్వకంగా తెలుసుకున్న తరువాతే డబ్బు కట్టాను.

ఇక స్థలాలు. జాబితాను కొట్టివేస్తూ వచ్చేసరికి రాజభవనాలు పోయాయి, గోపురం పోయింది, రంగులరాట్నం పోయింది. చివరికి నేను కొట్టివేయలేకపోయినది పాత సర్వజన ఆసుపత్రి ఒక్కటే. “అన్ని భవనాలు వదులుకుని, ఆ ఆసుపత్రి ఎందుకండీ? జన్మంతా ఆసుపత్రిలోనే ఉన్నారు కదా,” అంది శ్రీమతి.

1784లో చక్రవర్తి రెండవ జోసెఫ్ ప్రారంభించిన ఆసుపత్రి అది. ఇప్పుడు అక్కడ రోగులు లేరు. 1998 నుంచి అక్కడ వియన్నా విశ్వవిద్యాలయపు క్యాంపస్ ఉంది. ఒకనాడు అక్కడి ప్రసూతి విభాగంలో రెండు క్లినిక్‌లు ఉండేవి. మొదటి దానిలో వైద్యులు, వైద్య విద్యార్థులు పురుళ్లు పోసేవారు. రెండవ దానిలో మంత్రసానులు. 1846లో మొదటి దానిలో నూటికి పదకొండుమందికి పైగా బాలింతలు చనిపోయారు, రెండవ దానిలో ముగ్గురికి లోపే. ఈ తేడా ఊరంతటికీ తెలుసు. మొదటి క్లినిక్‌లో చేర్చవద్దని గర్భిణులు ప్రాధేయపడేవారు. అక్కడ సహాయకుడుగా ఉన్న ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ గాలినీ, గదులనీ, పడుకోబెట్టే తీరునూ పరిశీలించాడు, కారణం దొరకలేదు. 1847 మార్చిలో ఆయన వెనిస్ యాత్రకు వెళ్లి తిరిగివచ్చేసరికి మిత్రుడు కోలెచ్కా మరణించి ఉన్నాడు. శవపరీక్ష చేస్తుండగా విద్యార్థి కత్తి ఆయన వేలికి గీసుకుంది. కోలెచ్కా దేహంలో కనిపించిన మార్పులు బాలింత జ్వరంతో పోయిన స్త్రీల దేహాలలోనివే. శవాగారం నుంచి నేరుగా పురిటి గదికి వచ్చే వైద్యుల చేతులే ఆ విషాన్ని మోసుకొస్తున్నాయని సెమ్మెల్‌వైస్‌కు అర్థమైంది. మే నెలలో క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో పద్దెనిమిది శాతం ఉన్న మరణాలు జూన్‌లో రెండు శాతానికి దిగాయి. సూక్ష్మజీవుల సంగతి లోకానికి ఇంకా తెలియని కాలం అది. వైద్యులు మాత్రం తమ చేతులను శంకించినందుకు కోపగించారు. తన చేతుల వల్ల కూడా ఎందరో పోయారని ఆయన 1861 నాటి తన గ్రంథంలో ఒప్పుకున్నాడు. 1865లో, నలభై ఏడో ఏట, వియన్నాలోనే ఒక మానసిక చికిత్సాలయంలో, రక్తం విషపూరితమై మరణించాడు.

శ్రీమతికి ఇదంతా చెప్పాను. “ఇది పుస్తకంలో చదువుకున్నారుగా,” అంది. అప్పుడు మిగిలినది చెప్పాను.

1979 వర్షాకాలం. ఒక చిన్న ఆసుపత్రిలో నేను ఒక్కడినే వైద్యుణ్ణి. కుళాయి లేదు, చేతిపంపు నీళ్లు పట్టి గంగాళంలో నిలువ చేసేవాళ్లం. ఒక రాత్రి ఒక రైతుకూలీ తొడమీది సెగగడ్డను కోసి చీము తీస్తుండగా, పక్క గదిలో కాన్పయిన స్త్రీకి మాయ పడలేదని నర్సు పిలిచింది. రక్తం ధారగా పోతోంది. చేతులు కడుక్కున్నాను. ఎంతసేపు కడుక్కున్నానో ఇప్పటికీ చెప్పలేను. ఉడకబెట్టి మళ్లీ మళ్లీ వాడే చేతితొడుగులలో ఒకటి వేలి దగ్గర చిరిగి ఉంది. వేరొకటి వెదికే వ్యవధి లేదు. చేయి లోనికి పోనిచ్చి మాయను తీశాను, రక్తం ఆగింది. ప్రాణం నిలబెట్టానని ఆ రాత్రి సంతోషంగా నిద్రపోయాను. మూడో రోజు చలితో జ్వరం వచ్చింది. ఉన్న మందులు ఇచ్చాం, జీపులో జిల్లా ఆసుపత్రికి పంపాం. ఏడో రోజు ఆమె పోయింది. ఆమె తల్లి, మనుమణ్ణి పాతచీరలో చుట్టుకుని, మా ఆసుపత్రికి వచ్చి నాకు నమస్కరించి వెళ్లింది.

ఆ జ్వరం నా చేతుల నుంచి వచ్చిందా? ఆ రోజులలో ఆ పరిస్థితులలో రావడానికి పది కారణాలు ఉన్నాయి. పదింటిలో నా చేయి ఒకటి. ఆ తరువాత నేను పనిచేసిన ప్రతిచోటా చేతులు కడిగే విషయంలో నర్సులను, హౌస్‌సర్జన్లను వేధించాననీ, నాకు ‘సబ్బు డాక్టరు’ అని వెనుక పేరు పెట్టారనీ తెలుసు. ఎందుకో వారికి చెప్పలేదు.

శ్రీమతి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆ పిల్లవాడు బతికాడా?” అని అడిగింది. తెలియదన్నాను. మరుసటి నెలలో నాకు బదిలీ అయింది, నేను వాకబు చేయలేదు. ఉంటే ఇప్పుడు నలభై దాటి ఉంటాడు.

ఆ సాయంకాలం ఇద్దరం కూర్చుని కొత్త ప్రణాళిక రాశాం. గురువారం బస చేరాక గంటసేపు విశ్రాంతి. నిద్ర కాదు, పగలు నిద్రపోతే రాత్రి మేలుకోవాలి. వెలుగు ఉండగానే రింగ్ వీధిలో ట్రామెక్కి ఆపెరా, పార్లమెంటు, పురపాలక భవనాలను కూర్చునే చూస్తాం. మోకాళ్లకు ఇంతకంటే మర్యాద లేదు. ఇరవై నాలుగు గంటల టికెట్టును అప్పుడు ముద్ర వేయిస్తే మరునాటి మధ్యాహ్నం దాకా పనికివస్తుంది. శుక్రవారం ఉదయం ఫలహారం, మందులు అయ్యాక షోటెన్‌టోర్ నుంచి 43 గాని 44 గాని నంబరు ట్రాములో ఆల్సెర్ వీధికి. పాత ఆసుపత్రి మొదటి ప్రాంగణంలో చెట్లు, బల్లలు ఉన్నాయట. ఆమె అక్కడ కూర్చుంటుంది, నేను లోపలి ప్రాంగణాలు తిరిగి వస్తాను. అక్కడే ఉన్న పిచ్చివారి బురుజు, ఐదంతస్తుల గుండ్రని కట్టడం, ఇప్పుడు వ్యాధి నమూనాల ప్రదర్శనశాల. వారంలో కొన్ని రోజులే తెరుస్తారు కాబట్టి బయలుదేరే ముందు వేళలు మరోసారి చూసుకోవాలి. ఊరివారు దానికి ‘గూగెల్‌హుప్ఫ్’ అని ఒక కేకు పేరు పెట్టారని చెప్పగానే, ఆ కేకు ఒక ముక్క తిననిస్తే లోపలికి వస్తానని శ్రీమతి షరతు పెట్టింది. సగం ముక్కకు ఒప్పందం కుదిరింది.

నీళ్ల సీసాలు కొననక్కరలేదు. 1873 నుంచి ఆల్ప్స్ పర్వతాల ఊటనీరు కాలువ ద్వారా ఆ నగరానికి వస్తోంది. అది వచ్చాక అక్కడ టైఫాయిడ్ బాగా తగ్గింది. కుళాయి నీరే తాగవచ్చు.

శుక్రవారం మధ్యాహ్నం రెండు నుంచి రైలు వేళ దాకా కాగితంపై ఏమీ రాయలేదు. అక్కడ నేను బెల్వెదేర్ అని రాయబోతే శ్రీమతి పెన్సిలు తీసుకుంది.