రెండో సర్వీసు

టెన్నిస్‌లో ఒక మంచి గుణం ఉంది. మొదటి సర్వీసు నెట్‌కు తగిలినా, గీత దాటి పడినా పాయింటు పోదు. ఇంకో బంతి కొట్టనిస్తారు. అదే రెండో సర్వీసు. అదీ తప్పితే డబుల్ ఫాల్ట్; పాయింటు ఎదుటివారిది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హాస్టళ్లలో చదువుకున్న మాకు తెలిసిన ఆటలు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్. వాలీబాల్‌లో సర్వీసుకు అవకాశం ఒక్కటే. అందుకే ఒక క్లబ్బు కోర్టులో బంతులు ఏరడానికి పోయినప్పుడు ఈ రెండో బంతి మాకు వింతగా తోచింది. పెద్దలు ఆడి వెళ్లాక అక్కడి మార్కర్ అన్న పాత రాకెట్లు మా చేతికిచ్చి నేర్పేవాడు.

కొత్తగా ఆడేవారు మొదటి బంతిని బలంగా కొట్టి, రెండోదాన్ని భయంతో మెల్లగా నెడతారు. అన్న మాత్రం, "చెయ్యి వేగం తగ్గించొద్దురా, బంతిని తిప్పు" అనేవాడు. నెట్ మధ్యలో 3 అడుగుల ఎత్తు. దాన్ని దాటిన బంతి అవతల 21 అడుగుల లోపే పడాలి. కింది నుంచి పైకి రాసినట్టు కొడితే బంతి గిరగిరా తిరుగుతూ నెట్ మీదుగా ఎత్తుగా పోయి, గాలిలోనే కిందికి వంగి గీత లోపల పడుతుంది. పడ్డాక ఎత్తుగా లేస్తుంది.

రాకెట్‌ను గొడ్డలి పట్టినట్టు పట్టాలి. కుడిచేతివాటం వారు బంతిని తలపైన కొంచెం ఎడమకు ఎగరేయాలి. ముందు నెట్‌కు దగ్గరగా నిలబడి కొట్టి, వరుసగా పది పడ్డాక ఒక్కో అడుగు వెనక్కి జరగాలి. రోజూ మొదటి సర్వీసు ముట్టకుండా రెండోదే సాధన చేయాలి.

2005లో హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ టైటిల్ గెలిచిన సానియా మీర్జాకు కూడా రెండో సర్వీసే బలహీనత అని పత్రికలు రాసేవి. అయినా 2007లో ఆమె సింగిల్స్‌లో 27వ ర్యాంకుకు చేరింది. 2013లో సింగిల్స్ వదిలి డబుల్స్ మీదే దృష్టి పెట్టింది. 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. అదే ఏడాది మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ గెలిచింది.

మిత్రులారా, పదో తరగతి ఫలితాల రోజు హాస్టల్ ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. మా బ్యాచ్‌లో ఇద్దరికి లెక్కలు పోయాయి. ఒకడు "సప్లిమెంటరీయే గదా" అనుకోకుండా, మొదటి పాఠం నుంచి లెక్కలన్నీ మళ్లీ చేశాడు. ఇప్పుడు పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. ఇంకొకడు తెలివిలో వాడికి తక్కువేం కాదు. కానీ ఇంట్లో ఫీజుకు డబ్బుల్లేవు, మా జేబుల్లోనూ లేవు. రైసు మిల్లులో బస్తాలు మోయడానికి పోయాడు. వాడికి రెండో బంతి అందనేలేదు.

తమ్ముళ్లూ, రెండో అవకాశం వస్తే చెయ్యి నెమ్మది చేయకండి. పాసు మార్కులు చాలనుకొని నెట్టకండి. ఉద్యోగాల్లో స్థిరపడ్డ అన్నలకు, అక్కలకు మా విన్నపం ఒక్కటే: ఈసారి ఫలితాలు వచ్చిన వారంలోనే మన మన హాస్టల్‌కు ఒకసారి రండి. ఫీజు లేక ఆగిపోయిన పిల్లవాడు ఎవరో అడగండి.