అటక మీది నోటుపుస్తకం

నరసరావుపేటలో పండగ ముందు ఇల్లు దులుపుతుంటే అటక మీద మేనమామ పాత నోటుపుస్తకం దొరికింది. ఇంజినీరింగ్ మొదటి ఏడాది చదువుతున్న మేనకోడలు అట్ట తిప్పింది. మొదటి పేజీలోనే ఎర్రసిరా, కింద రెండు గీతలు: 'హెచ్‌టీఎంఎల్ పాతబడింది. ఇకపై ఎక్స్‌హెచ్‌టీఎంఎలే రాయాలి'.

"ఇదేంటి మావయ్యా? మాకు హెచ్‌టీఎంఎలే చెబుతున్నారు. అప్పుడే పాతబడిపోతే ఇప్పుడెలా బతికుంది?"

ఆయన నవ్వాడు కానీ, మాట కాస్త గుచ్చుకుంది. 2005లో గురజాల దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సెక్కి పేటకొచ్చి నేర్చుకున్న విద్య అది. నాన్న ఆ ఏడాది మిర్చి అమ్మిన డబ్బుల్లోంచి తీసి కట్టిన ఫీజు.

మాస్టారు చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. వెబ్ పేజీలకు నియమాలు రాసే డబ్ల్యూత్రీసీ 2000 జనవరిలో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 1.0ను ఖరారు చేసింది. తెరిచిన ప్రతి ట్యాగునూ మూయాలి, ట్యాగులన్నీ చిన్న అక్షరాల్లో ఉండాలి, విలువలకు కొటేషన్లు పెట్టాలి. హెచ్‌టీఎంఎల్‌లో ఇవి తప్పినా బ్రౌజరు ఎలాగోలా సర్దుకుపోతుంది. కొత్తది పిల్లలకు క్రమశిక్షణ నేర్పుతుందని అప్పట్లో అందరికీ ముచ్చటే.

కుర్రాడు మూడు రాత్రులు కూర్చుని కోటప్పకొండ తిరనాళ్ల మీద పేజీ తయారుచేశాడు. ప్రభలు, మెట్లదారి, గొల్లభామ గుడి... అన్నీ ముద్దుగా కుదిరాయి. ఎవరో చెబితే ఫైలు పేరు చివర డాట్ హెచ్‌టీఎంఎల్ తీసేసి డాట్ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అని పెట్టి ఫైర్‌ఫాక్స్‌లో తెరిచాడు. కొండా లేదు, ప్రభలూ లేవు! పసుపు తెర మీద ఎర్ర అక్షరాల్లో తప్పు జరిగిందన్న కబురొక్కటే ఉంది. ఎక్కడో ఒక్క ట్యాగు మూయడం మరిచాడు, అంతే.

అసలు సంగతి అప్పుడు తెలిసింది. అన్నాళ్లూ బ్రౌజరు ఆ పేజీని ఎక్స్‌హెచ్‌టీఎంఎల్‌గా చదవనేలేదు. మామూలు హెచ్‌టీఎంఎల్ అనుకుని సర్దుకుంటూ వచ్చింది. నెట్ సెంటర్లలో ఎక్కడ చూసినా కనిపించిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కైతే 2011లో తొమ్మిదో వెర్షన్ వచ్చేదాకా ఆ పద్ధతి రానేరాదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ!

పెద్దవాళ్ల దగ్గరా అదే కథ నడిచింది. ఆపిల్, మొజిల్లా, ఒపేరా వాళ్లు 2004లోనే చేతులు కలిపి హెచ్‌టీఎంఎల్‌నే బాగుచేయడం మొదలుపెట్టారు. పాత పేజీలతో పొసగని ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 పనిని ఆపేస్తున్నట్టు డబ్ల్యూత్రీసీ 2009లో ప్రకటించింది. 2014 అక్టోబరులో హెచ్‌టీఎంఎల్5 ఖరారైంది.

"అయితే నువ్వు నేర్చుకున్నదంతా దండగేనా మావయ్యా?"

"దండగెందుకమ్మా! ఈ-పుస్తకాలు చేసే ఈపబ్ ఉంది చూడు, అందులో పేజీలు ఇవాళ్టికీ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ పద్ధతిలోనే రాయాలి. నువ్వు మాత్రం హెచ్‌టీఎంఎల్‌తోనే మొదలుపెట్టు. తప్పు చేసినా పేజీ కనిపిస్తుంది. కనిపిస్తేనే కదా దిద్దుకోవాలనిపించేది. ట్యాగులు మూయడం మాత్రం నా పుస్తకం చూసి నేర్చుకో."

నిజానికి అంతకన్నా మంచి సలహా ఏ ఇన్‌స్టిట్యూట్లోనూ దొరకదు.

అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చింది. ఆమె చేస్తున్నదీ కోటప్పకొండ పేజీయే. గొల్లభామ గుడి దగ్గర్నుంచి చివరిదాకా అక్షరాలన్నీ లావుగా ఉన్నాయి.

"పేజీ తెరుచుకుందిగా మావయ్యా!"

"తెరుచుకుంది. ఆ లావు ఎక్కడ మొదలైందో చూడు."

ఆమె కళ్లజోడు సర్దుకుని ఒక్కో వరుసా వెతకడం మొదలుపెట్టింది.